అగ్నివీర్ శిక్షణకు వెళ్లే అబ్బాయి పెట్టెలో ఏముండాలి?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మావాడు సైన్యంలో అగ్నివీర్‌గా (నాలుగేళ్ల సర్వీసు) సెలెక్టయ్యాడు. వచ్చే నెల మహారాష్ట్రలోని నాసిక్ రోడ్ ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్‌లో రిపోర్ట్ చేయాలి. యూట్యూబ్ చూసి పెద్ద లిస్టు రాసుకున్నాడు. ట్రాలీ సూట్‌కేసు, ఖరీదైన స్పోర్ట్స్ షూ, ప్రోటీన్ డబ్బా కూడా అందులో ఉన్నాయి. వాళ్లమ్మేమో నిప్పట్లు, చెనిక్కాయల ఉండలు చేసి పంపుతానంటోంది. ఇవన్నీ నిజంగా కావాలా సార్? – ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: అబ్బాయికి నా అభినందనలు చెప్పండి. ఆ లిస్టులో సగం నిశ్చింతగా కొట్టేయండి. యూనిఫాం, బూట్లు, పడక సామాను సైన్యమే ఇస్తుంది. సబ్బు, పాలిష్, బ్రష్ లాంటి చిల్లర సామాను సెంటర్ క్యాంటీన్‌లోనే దొరుకుతుంది. కాల్ లెటర్‌తో పాటు ఏమేం తేవాలో రాసిన కాగితం వస్తుంది. నేను చెప్పేదానికీ దానికీ ఎక్కడైనా తేడా వస్తే, ఆ కాగితం మాటే వినండి.

మీరు అడగకపోయినా ముందు కాగితాల గురించి చెప్పాలి. మన పిల్లలకు ఎక్కువ టెన్షన్ అక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట ఆంజనేయులు, ఇంకోచోట ఆంజినేయులు. తల్లి పేరు చివర 'అమ్మ' ఒక కార్డులో ఉంటే మరో కార్డులో ఉండదు. ఊళ్లో ఎవరూ పట్టించుకోరు గానీ, సర్వీసు రికార్డులో తల్లిదండ్రుల పేర్లు ఎక్కేది ఈ కాగితాలను చూసే. అగ్నివీర్‌కు 48 లక్షల రూపాయల జీవిత బీమా ఉంటుంది. నామినీ పేరు ఒకరకంగా, ఆ మనిషి ఆధార్ ఇంకోరకంగా ఉంటే రేపు తిరగాల్సింది మీరే. ఈ రాత్రే అబ్బాయి మెమో, ముగ్గురి ఆధార్‌లు, బ్యాంకు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూడండి. పుట్టిన తేదీ కూడా. తేడా కనిపిస్తే వెంటనే ఆధార్ కేంద్రానికి వెళ్లండి. టైము చాలదనిపిస్తే ఏం చేయాలో గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసును అడగండి, మన జిల్లా దాని కిందికే వస్తుంది. ఒరిజినల్స్ ఒక ఫోల్డరులో, జిరాక్సులు వేరే ఫోల్డరులో పెట్టించండి. రైల్లో ఆ ఒరిజినల్స్ పెట్టెలో కాకుండా భుజానికి తగిలించుకునే సంచిలో ఉండాలి. పాస్‌పోర్ట్ ఫొటోలు కాస్త ఎక్కువే తీయించండి, గడ్డం లేకుండా.

ఇక షూ. శిక్షణకు బూట్లు అక్కడే ఇస్తారు కాబట్టి వేలు పోసి కొనకండి. ఇప్పుడు వేసుకుని పరుగెత్తుతున్నవి బాగుంటే అవే పట్టుకెళ్లమనండి. బయలుదేరే ముందు రోజు కొత్త జత కొంటే కాళ్లు బొబ్బలెక్కుతాయి. నూలు సాక్సులు మాత్రం నాలుగైదు జతలు పెట్టండి, తడి సాక్సుతో డ్రిల్ చేస్తే మడమ ఒలిచిపోతుంది. గోళ్లు తీసుకునే కట్టర్ మరిచిపోవద్దు.

బట్టలు: తెల్ల బనియన్లు, లోదుస్తులు, సాదా టీషర్టులు, రెండు తువ్వాళ్లు, రబ్బరు చెప్పులు. బ్యారక్‌లో అందరివీ ఒకేలా ఉంటాయి. ఆరేసిన తీగ మీద మీవాడి బనియన్ ఏదో వాడికే తెలియదు. అందుకని చెరగని మార్కర్‌తో మెడ దగ్గర లోపలివైపు పేరు రాయించండి. సూది దారం, నాలుగు గుండీలు, గట్టి తాళం కూడా ఉండాలి. తాళానికి రెండు చెవులుంటాయి కదా, రెండోది పెట్టెలోనే వేసి తాళం వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు! నాసిక్‌లో చలికాలం మన అనంతపురం కంటే గట్టిగా ఉంటుంది. ఆ నెలల్లో వెళ్తుంటే స్వెటర్ తీసుకెళ్లనివ్వండి.

ప్రోటీన్ డబ్బా వద్దు. డాక్టరు రాయని మాత్రలు, పొడులు అసలే వద్దు. ఉంగరం, గొలుసు, చెవిపోగు ఇంట్లోనే తీసి దాచండి. సెలెక్టయిన సంబరంలో హీరో పేరు పచ్చబొట్టు పొడిపించుకోవాలని స్నేహితులు ఎగదోస్తారు. దానికి మాత్రం ఒప్పుకోవద్దు. సెంటర్‌లో మళ్లీ ఒంటిని పరీక్షిస్తారు.

నిప్పట్ల సంగతి వాళ్లమ్మకు మీరే నచ్చజెప్పాలి, నా వల్ల కాదు. రైలు ప్రయాణానికి సరిపడా, తోటి పిల్లలకు తలా ఒకటి వచ్చేంత ఇవ్వండి. చెనిక్కాయల ఉండలు త్వరగా చెడిపోవు కాబట్టి అవే మేలు.

మిగిలిన రోజుల్లో వాడు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఆదేశాలన్నీ హిందీలోనే ఉంటాయి. సావధాన్ (నిటారుగా నిలబడు), విశ్రామ్ (సడలి నిలబడు), దాహినే ముడ్ (కుడికి తిరుగు), బాయే ముడ్ (ఎడమకు తిరుగు), తేజ్ చల్ (చురుగ్గా నడువు), థమ్ (ఆగు) – ఈ మాటలు వినగానే ఒళ్లు కదిలేలా సాధన చేయమనండి. ఉస్తాద్ (డ్రిల్ నేర్పే శిక్షకుడు) అరిచాక పక్కవాణ్ని చూసి తిరిగితే అప్పటికే ఆలస్యం.

ఫోన్లు జమ చేయించుకుని, అనుమతి ఉన్న వేళల్లోనే ఇస్తారు. ఇప్పటి పిల్లలకు అమ్మ నంబరు కూడా నోటికి రాదు. చిన్న నోటుబుక్కులో నాలుగు నంబర్లు రాసి పంపండి. మొదటి వారం, రెండు వారాలు ఫోన్ రాకపోతే కంగారుపడి సెలెక్షన్ ఇప్పించామని చెప్పుకునే ఏజెంట్ల చుట్టూ తిరగకండి.