సమాధానం: తిరగబడిన అక్షరాలున్న పాత ఉత్తరాలు

నమస్తే అండీ. 1890ల నాటి అమెరికా ప్రభుత్వ కార్యాలయపు ఉత్తరాల స్కాన్లలో ఊదారంగు అక్షరాలు తిరగబడి ఉన్నాయని రాశారు. టెన్షన్ పడకండి, స్కాన్ పాడవలేదు. అవి ప్రెస్ కాపీలు. జేమ్స్ వాట్ 1780లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. సిరాతో రాసిన ఉత్తరానికి తడిపిన పల్చటి కాగితం ఆనించి ఇనుప ప్రెస్‌లో బిగిస్తే కొంత సిరా దానికి అంటుకుంటుంది. అక్షరాలు తిరగబడే పడతాయి, కానీ కాగితం పల్చన కాబట్టి వెనకవైపు నుంచి హాయిగా చదవొచ్చు. మీకు వచ్చింది సిరా అంటిన వైపు. ఫోటో ఎడిటర్‌లో కుడి ఎడమలు తారుమారయ్యేలా ఫ్లిప్ చేసి కాంట్రాస్ట్ పెంచండి.

ఇక ఒకే వ్యక్తికి వెళ్లిన ఉత్తరాలన్నీ వెతకడం ఎలా అన్నారు. ఇలాంటి ప్రెస్ కాపీలున్న పుస్తకాల్లో ఉత్తరాలు తేదీ వరసలో ఉంటాయి. ముందు పేజీల్లో అక్షరక్రమంలో పేర్ల సూచిక ఉందేమో చూడండి, పక్కనే పేజీ నంబర్లుంటాయి. కొన్ని పుస్తకాల్లో గుమాస్తాలు అదే వ్యక్తికి రాసిన ముందరి, తర్వాతి ఉత్తరాల పేజీ నంబర్లు కూడా ఉత్తరం మీదే వేసేవారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి!

అసలు పుస్తకం చేతికొస్తే మాత్రం తడి, ఎండ తగలనివ్వకండి. ఆ ఊదా సిరా చాలావరకు అనిలిన్ అనే రసాయనంతో చేసిన కృత్రిమ రంగు, నీళ్లకు ఇట్టే కారిపోతుంది.