కొత్త గేమ్ చేతిలో పట్టుకుని ఆడాలంటే: హ్యాండ్‌హెల్డ్ కన్సోల్‌పై మీ సందేహాలు

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు మీద ఉన్నాయి, అందుకే మిగతావి పక్కన పెట్టి హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ గురించే రాస్తున్నాను. నేను మూడేళ్లుగా స్టీమ్ డెక్ వాడుతున్నాను. ఇది స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణం నడిపే వాల్వ్ సంస్థ తయారుచేసిన, చేతిలో పట్టుకుని ఆడే చిన్న గేమింగ్ కంప్యూటర్. కొన్నిటికి సొంత అనుభవంతో జవాబు చెప్పగలను, కొన్నిటికి లెక్కలతో.

హనుమకొండ నుంచి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థి: స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ కొనాలని ట్యూషన్లు చెప్పి డబ్బులు దాచుకున్నాను. యూట్యూబ్‌లో ఒకరు కొత్త గేమ్‌లన్నీ నడుస్తాయంటారు, ఇంకొకరు 2022 నాటి చిప్, ఇక పనైపోయిందంటారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరినీ నమ్మొచ్చు తమ్ముడూ, ఎందుకంటే వాళ్లు వేర్వేరు గేమ్‌ల గురించి మాట్లాడుతున్నారు. మనం 'కొత్త గేమ్' అన్నప్పుడు రెండు అర్థాలు కలిసిపోతాయి. ఒకటి ఈ మధ్య విడుదలైన గేమ్, రెండోది మెషిన్ మీద బాగా బరువు వేసే గేమ్. ఈ రెండూ ఒకటి కాదు. 2025 సెప్టెంబరులో వచ్చిన హాలో నైట్ సిల్క్‌సాంగ్, అదే నెల పూర్తి రూపంలో వచ్చిన హేడీస్ 2 రెండూ కొత్తవే, రెండూ డెక్ మీద హాయిగా నడుస్తాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ మాత్రం అన్ని సెట్టింగ్‌లూ తగ్గించినా అడుగడుగునా తడబడుతుంది. అంటే విడుదల తేదీ చూసి ఏమీ తేల్చలేం.

కారణం తెలిస్తే ఏ గేమ్‌నైనా మీరే అంచనా వేయగలరు. డెక్ లోపల ఉన్నది ఏఎండీ చిప్, జెన్ 2 తరం నాలుగు కోర్లు, ఆర్‌డీఎన్‌ఏ 2 గ్రాఫిక్స్. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే 16 జీబీ మెమరీని పంచుకుంటాయి. ఈ చిప్‌కి దొరికే కరెంటు గరిష్ఠంగా 15 వాట్లు. డెస్క్‌టాప్‌లో ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 200 వాట్లు తినేస్తుంది. మరి అంత తక్కువలో ఎలా నెట్టుకొస్తుందంటే, డెక్ తెర 1280 బై 800, అంటే సుమారు 10 లక్షల పిక్సెళ్లు. 1080పీ తెరలో దాదాపు 21 లక్షలు, 4కే టీవీలో 83 లక్షలు ఉంటాయి. చిన్న ఇల్లు ఊడ్చడానికి చిన్న చీపురు చాలు, ఇదీ అంతే. కానీ కొన్ని పనులకి పిక్సెళ్లు తగ్గినా బరువు తగ్గదు. వందల మంది పాత్రలు తిరిగే నగరం ఉందనుకోండి, వాళ్లందరి కదలికలు లెక్కగట్టేది ప్రాసెసర్, దానికి తెర సైజుతో పని లేదు. బాల్డర్స్ గేట్ 3 మూడో అంకంలో నగరంలోకి అడుగుపెట్టగానే డెక్ నీరసపడిపోయేది ఇందుకే. ఆ గేమ్ తయారుచేసిన లేరియన్ సంస్థ 2025 సెప్టెంబరులో డెక్ కోసమే ప్రత్యేకంగా ఒక వెర్షన్ ఇచ్చింది, అప్పటి నుంచి ప్రాసెసర్ మీద భారం కొంత తగ్గింది. విడుదలై రెండేళ్లు దాటిన గేమ్‌కి కూర్చుని ఇంత పని చేశారంటే నాకు నిజంగా గౌరవం కలిగింది.

ఇంకో చిక్కు రే ట్రేసింగ్, అంటే వెలుగు ఎక్కడ పడి ఎలా తిరిగొస్తుందో కిరణం కిరణం లెక్కగట్టే పద్ధతి. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటి వాటిలో అది ఆపుకునే వీలు లేదు, తప్పనిసరి. డెక్ చిప్‌లో రే ట్రేసింగ్ ఉంది గానీ బలహీనం. ఇలాంటివి 'ఓపెన్ అవుతాయి', కానీ ఓపెన్ అవడం వేరు, కూర్చుని గంట ఆడగలగడం వేరు.

కాబట్టి కొనేముందు వచ్చే ఏడాదిలో మీరు ఆడాలనుకుంటున్న ఐదు గేమ్‌ల పేర్లు కాగితం మీద రాయండి. ఒక్కొక్కటి ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో వెతికి, డెక్ వాడేవాళ్లు ఏమంటున్నారో చదవండి. స్టీమ్‌లో ఆకుపచ్చ టిక్‌తో 'వెరిఫైడ్' అని కనిపిస్తుంది కదా, అది చూసి సెకనుకి 60 ఫ్రేమ్‌లు (బొమ్మలు) వస్తాయనుకోకండి. ఆ ముద్రకి వాల్వ్ చూసేవి వేరే: బటన్లతో అన్నీ చేయగలమా, అక్షరాలు చదవగలమా (1280 బై 800లో అతి చిన్న అక్షరం కూడా 9 పిక్సెళ్ల ఎత్తు ఉండాలన్నది వాళ్ల నియమం), మధ్యలో ఇంకో లాంచర్ అడ్డొచ్చి ఇబ్బంది పెడుతుందా, విండోస్ కోసం రాసిన గేమ్ ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా డెక్‌లోని లినక్స్ మీద సరిగ్గా తెరుచుకుంటుందా. వేగం గురించి అది ఇచ్చే హామీ చాలా తక్కువ.

డెక్ కొన్నాక ఏదైనా గేమ్ మీద అనుమానం తీరకపోతే ఆ గేమ్ కొని చూడండి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే స్టీమ్ డబ్బు తిరిగిస్తుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని గేమ్‌లు తెరవగానే షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ చిప్ వాడే చిన్న ప్రోగ్రామ్‌లు) తయారుచేసుకుంటూ పావుగంట కూర్చుంటాయి, ఆ సమయం కూడా మీ 2 గంటల్లోకే వస్తుంది.

నా మాట అడిగితే, మీ ఐదింటిలో మూడు బాగా నడుస్తాయంటే కొనండి. మూడు నడవవంటే ఆ డబ్బు మీ ల్యాప్‌టాప్ మీద పెట్టండి.

రాజమండ్రి నుంచి: నా డెక్‌లో ఒక కొత్త గేమ్ 52 ఫ్రేమ్‌లు చూపిస్తుంది, వెంటనే 38, మళ్లీ 45. 60 రాకపోతే వేస్ట్ అంటున్నారు ఫ్రెండ్స్. ఏం చేయాలి?

మీ ఇబ్బంది 60 రాకపోవడం కాదండీ, ఒక చోట నిలబడకపోవడం. 52 నుంచి 38కి పడిపోతే కంటికి కుదుపు తెలుస్తుంది. మొదటి నుంచి చివరి దాకా 40 వస్తే రెండు నిమిషాల్లో కన్ను అలవాటు పడిపోతుంది.

40 అనే అంకె ఎందుకు చెబుతున్నానంటే, దాని వెనక ఒక లెక్క ఉంది, అది తెలిశాక నేను ఆడే పద్ధతే మారిపోయింది. 30 ఫ్రేమ్‌లంటే ఒక్కో బొమ్మ తెర మీద 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 60 అంటే 16.7. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నది 25 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 40. అందరూ 45 అనుకుంటారు గానీ, కాదు. 30 నుంచి 40కి వెళితే 60కి వెళ్లే దారిలో సగం సుఖం దొరికేసినట్టే, చిప్ మీద పడే అదనపు బరువు మాత్రం మూడో వంతే.

కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కి, పెర్ఫార్మెన్స్‌లో ఫ్రేమ్ లిమిట్ 40 పెట్టండి. పాత ఎల్‌సీడీ మోడల్‌లో తెర 40 హెర్ట్జ్‌కి దిగుతుంది, ఓఎల్ఈడీలో 80కి సర్దుకుని ఒక్కో ఫ్రేమ్‌ని రెండుసార్లు చూపిస్తుంది. ఆ తర్వాత గేమ్ సెట్టింగ్‌లలో ముందు నీడలు, పొగమంచు, నీటిలో ప్రతిబింబాలు తగ్గించండి, చిన్న తెర మీద వీటి తేడా పెద్దగా కనిపించదు. ఇంకా చాలకపోతేనే ఎఫ్ఎస్ఆర్ అప్‌స్కేలింగ్ (బొమ్మని చిన్నగా గీసి పెద్దది చేసే పద్ధతి) వేయండి, అదీ క్వాలిటీ మోడ్‌లో. పెర్ఫార్మెన్స్ మోడ్ వేస్తే గేమ్ 640 బై 400లో బొమ్మ గీసి దాన్ని సాగదీస్తుంది, దూరంగా ఉన్న మనిషి ముఖం ముద్దలా అయిపోతుంది. ఉన్న ఫ్రేమ్‌ల మధ్య కొత్తవి పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ జోలికి వెళ్లకండి. 25 ఫ్రేమ్‌లని 50గా చూపిస్తుంది గానీ మీ వేలు నొక్కిన దానికి స్పందన మాత్రం 25 నాటిదే, ఇంకాస్త ఆలస్యంగా కూడా ఉంటుంది.

60 లేకపోతే వేస్ట్ అనేవాళ్లకి ఒకసారి చెప్పకుండా 40లో లాక్ చేసి చేతికివ్వండి, చూద్దాం.

విజయవాడ నుంచి: ఎండాకాలంలో ఫ్యాన్ హోరు పెట్టేస్తోంది, బ్యాటరీ గంటన్నరకే అయిపోతోంది. పాడైందా? సర్వీసుకి ఇవ్వాలా?

పాడవలేదు, టెన్షన్ పడకండి. బయట గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటేనే డెక్ బాగా పనిచేస్తుందని వాల్వే చెప్పింది. బెజవాడలో మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద గదిలోనే 38 ఉంటుంది. వేడి ఎక్కువైతే చిప్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు గేమ్ కూడా నెమ్మదిస్తుంది. గాలి వెనక నుంచి లోపలికి పోయి పైనుంచి బయటికి వస్తుంది కాబట్టి పరుపు మీద, దిండు మీద పెట్టి ఆడకండి. మధ్యాహ్నం బరువైన గేమ్, అదీ ఛార్జింగ్‌లో పెట్టి ఆడటం మానేసి సాయంత్రం ఆడండి.

బ్యాటరీ సంగతి మామూలు భాగహారమే. ఎల్‌సీడీ మోడల్‌లో 40 వాట్‌అవర్లు ఉంటాయి, బరువైన గేమ్‌లో చిప్, తెర, వైఫై అన్నీ కలిపి 25 వాట్లు లాగితే గంటన్నర, మీకు వస్తున్నది అదే. ఓఎల్ఈడీలో 50 వాట్‌అవర్లు కాబట్టి 2 గంటలు. పైన చెప్పినట్టు 40 ఫ్రేమ్‌లకి కట్టేస్తే ఈ వాడకం కూడా దిగుతుంది, వేడీ తగ్గుతుంది, హోరూ తగ్గుతుంది.

రైల్లో వెళ్లేవాళ్లు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ తీసుకోండి, కానీ దాని మీద 'పీడీ 45 వాట్' (పీడీ అంటే యూఎస్‌బీ పవర్ డెలివరీ) అని ఉందో లేదో చూడండి. ఫోన్‌తో వచ్చిన 80 వాట్ల ఛార్జర్ ఉంది కదా అని పెడితే చాలాసార్లు పని జరగదు, ఆ వేగం ఆ కంపెనీ ఫోన్‌కే పరిమితం, మిగతా వాటికి అది మామూలు ఛార్జరే. విమానంలో అయితే పవర్ బ్యాంక్ మీతోపాటు క్యాబిన్‌లోనే ఉండాలి, 100 వాట్‌అవర్లు దాటకూడదు. 20,000 ఎంఏహెచ్ అంటే 74, ఇబ్బంది లేదు.

కరీంనగర్ నుంచి: ఫ్రెండ్స్‌తో వాలరెంట్, జీటీఏ ఆన్‌లైన్ ఆడటానికి డెక్ తీసుకోవచ్చా?

వద్దు. వాలరెంట్‌లో మోసగాళ్లని పట్టే సాఫ్ట్‌వేర్ విండోస్ లోతుల్లోకి వెళ్లి కూర్చుంటుంది, డెక్‌లో ఉన్నది లినక్స్. ఫోర్ట్‌నైట్, కొత్త కాల్ ఆఫ్ డ్యూటీలు కూడా ఇంతే. జీటీఏ ఆన్‌లైన్ ఒకప్పుడు నడిచేది, 2024 సెప్టెంబరులో ఇలాంటి తనిఖీ పెట్టాక డెక్ వాళ్లకి తలుపు మూసేశారు. ఒంటరిగా ఆడే కథ భాగం మాత్రం నడుస్తుంది. మీ స్నేహబృందమంతా ఈ గేమ్‌ల్లోనే ఉంటే విండోస్‌తో వచ్చే ఆసస్ రాగ్ ఎలై లాంటిది చూడండి.

హైదరాబాద్ నుంచి: మా బావ డల్లాస్ నుంచి వస్తున్నాడు. అతనితో డెక్ తెప్పించుకోనా, స్విచ్ 2 తెప్పించుకోనా, లేక ఇక్కడే ఎలై కొననా?

స్టీమ్ డెక్‌ని వాల్వ్, స్విచ్ 2ని నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. ఇక్కడ దుకాణాల్లో కనిపించేవన్నీ బయటి నుంచి తెచ్చినవే. అందుకే మీ బావగారు తెచ్చినా, మీరు ఇక్కడ కొన్నా, స్టిక్ పాడైతే ఇక్కడ కంపెనీ సర్వీసు సెంటర్‌కి వెళ్లే దారి లేదు. రాగ్ ఎలై అలా కాదు, 2023 జులైలో 69,990 రూపాయల ధరతో ఇక్కడే విడుదలైంది, వారంటీ ఇక్కడిదే. రిపేరు భయం ఉన్నవాళ్లకి నేను ఎలైయే చెబుతాను. నింటెండో సొంత గేమ్‌ల మీద మనసుంటే మాత్రం ఈ మూడింట్లో స్విచ్ 2 తప్ప దారి లేదు, అవి డెక్‌కీ ఎలైకీ రావు.

స్విచ్ 2 తెప్పిస్తే మెమరీ కార్డు విషయం బావగారికి ముందే చెప్పండి. అందులో గేమ్‌లు పెట్టుకోవడానికి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకం కార్డే కావాలి, ఇంట్లో ఉన్న మామూలు కార్డు పనికిరాదు. డెక్‌కి మామూలు కార్డు చాలు, కానీ ఎక్కడ కొంటున్నారో చూసుకోండి. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికిందని 512 జీబీ కార్డు కొన్నాను. మొదటి గేమ్ బాగానే నడిచింది, రెండోది ఎక్కించాక రెండూ పాడైపోయాయి. పరీక్షిస్తే అసలు సామర్థ్యం 64 జీబీయే, మిగతాది ఉత్త అంకె. రెండు రాత్రుల డౌన్‌లోడ్ పోయింది. అప్పటి నుంచి ఏ కార్డు కొన్నా ముందు ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పూర్తిగా నింపి చూసి, ఆ తర్వాతే గేమ్ ఎక్కిస్తున్నాను. మీరూ అలాగే చేయండి.

గుంటూరు నుంచి ఒక అమ్మ: మా బాబు తొమ్మిదో తరగతి. క్లాసులో ఎవరి దగ్గరో చూసి డెక్ కావాలని రెండు నెలలుగా అడుగుతున్నాడు. కొనిస్తే చదువు పోతుందని భయం, కొనకపోతే వాడి ముఖం చూడలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

అమ్మా, కొనాలా వద్దా అన్నది మీ ఇంటి ఖర్చులు చూసుకుని మీరే తేల్చాలి. కొనాలనుకుంటే మాత్రం అదుపు మీ చేతిలో ఉంచుకునే ఏర్పాటు అందులోనే ఉంది. 2024 నుంచి స్టీమ్ ఫ్యామిలీస్ అని ఒకటి ఇస్తున్నారు. మీ పేరుతో ఒక ఖాతా, బాబు పేరుతో ఇంకొకటి, రెండూ ఒక కుటుంబంగా కలపండి. రోజుకి ఎంతసేపు, ఏ గంటల మధ్య ఆడొచ్చో మీ ఫోన్ నుంచే పెట్టొచ్చు. వాడికి ఏ గేమ్‌లు కనిపించాలో మీరు ఎంచొచ్చు. గేమ్ కొనాలంటే వాడు అడుగుతాడు, మీరు ఒప్పుకుంటేనే డబ్బు కడతారు. యూపీఐ పిన్ గానీ కార్డు నంబరు గానీ వాడి ఖాతాలో పెట్టకండి. ఈ గంటలు మీరొక్కరే నిర్ణయించకుండా వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి పెట్టండి, పరీక్షల వారాల్లో ఎంతో కూడా అప్పుడే మాట్లాడుకోండి.

అసలు కొనేముందు వాడి మనసు ఎంత గట్టిదో చూడాలంటే, ఇంట్లో ఉన్న ఫోన్‌కో కంప్యూటర్‌కో ఒక బ్లూటూత్ కంట్రోలర్ కొనివ్వండి, ఖర్చు తక్కువ. సంక్రాంతి సెలవుల దాకా అదే ఆసక్తి ఉంటే అప్పుడు డెక్ గురించి ఆలోచించొచ్చు.

కొన్నాక మొదట ఏ గేమ్ పెట్టాలంటే, కొత్తది కాకపోయినా నేను 'రాజీ' అనే గేమ్ పేరు చెబుతాను. పుణెలోని ఒక స్టూడియో తయారుచేసింది, 2020లో వచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలు కోసం వెతుక్కుంటూ వెళ్లే రాజీ అనే అమ్మాయి కథ. మొదటి రోజు మీరు కూడా పక్కన కూర్చోండి. దారిలో గోడల మీద బొమ్మలు దుర్గమ్మ కథ, విష్ణుమూర్తి కథ చెబుతాయి. ఆ కథలు వాడికంటే మీకే బాగా తెలిసి ఉంటాయి, వాడు ఆడుతూ ఉంటే మీరు చెప్పండి.