టైరు సైజు మార్చే ముందు ఇది చదువు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. అలాయ్ చక్రాలు బాగున్నాయి, కాదనను. కానీ మన ఒడిశా జైపూర్‌లో షాపువాడు నీ స్విఫ్ట్‌కి 205 టైర్లు వేస్తానన్నాడని, రేపో ఎల్లుండో అడ్వాన్సు ఇచ్చేస్తానని రాశావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే "ఊ మావయ్యా, ఊ మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నా. రాయగడలో టైర్లు విప్పుతూ బిగిస్తూనే నా జుట్టు నెరిసింది, ఆ మాత్రం చెప్పే హక్కు నాకుంది.

అసలు నీకు పెద్ద టైరు ఎందుకు? స్పీడ్ బ్రేకర్ల మీద కింద తగులుతోంది, కారు కాస్త లేవాలి అన్నావు. సరే, లెక్క వేద్దాం. నీ టైరు మీద 185/65 R15 అని ఉంటుంది. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం టైరు గోడ ఎత్తు, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. 15 అనేది రిమ్ము, అంగుళాల్లో. కిందా పైనా గోడలు రెండూ, మధ్యలో రిమ్ము కలిపితే టైరు మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్ల చిల్లర. ఇప్పుడు వాడు వేస్తానన్న 205/65 R15 తీసుకుంటే అది 647 చిల్లర వస్తుంది. తేడా 26. అందులో సగమే కారుని పైకి లేపేది, మిగతా సగం ఇరుసుకి పైన ఉంటుంది కదా. అంటే నీకు దక్కేది 13 మిల్లీమీటర్లు, చిటికెన వేలు మందం. మీ అమ్మనీ పిల్లల్నీ వెనక కూర్చోబెట్టి డిక్కీలో బియ్యం బస్తా వేశావంటే కారు అంతకంటే ఎక్కువే కిందికి దిగుతుంది. ఈ వేలెడు ఎత్తు కోసం నువ్వు ఏమేం వదులుకుంటావో చెబుతా విను.

మొదటిది ఘాట్. నువ్వు వారం వారం విజయనగరం వెళ్తావు, అంటే జైపూర్ నుంచి కోరాపుట్ ఎక్కాలి, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగాలి, మళ్లీ తిరుగు ప్రయాణంలో సాలూరు దాటాక ఆ ఘాటే ఎక్కాలి. చక్రం పెద్దదైతే ఇంజను ఒక చుట్టు తిప్పినప్పుడు కారు ఎక్కువ దూరం పోతుంది, వినడానికి బాగుంటుంది గానీ లాగే బలం అంతే తగ్గుతుంది. నీ లెక్కలో అది 4 శాతం. చదును రోడ్డు మీద నీకు తెలియను కూడా తెలియదు. సుంకి మలుపులో ముందు లోడు లారీ పాకుతూ ఉంటే, నువ్వు సెకండ్ గేరులో ఉండి, ఏసీ వేసుకుని, నలుగురితో ఎక్కుతుంటే అప్పుడు తెలుస్తుంది. 1.2 పెట్రోలు బండికి తక్కువ ఆర్‌పిఎమ్‌లో లాగుడు ఎలాగూ అంతంతమాత్రం, ఇక నువ్వు ఫస్ట్‌కి దిగుతావు, లేదంటే హాఫ్ క్లచ్ మీద ఈడుస్తావు. క్లచ్ ప్లేటు ఖర్చు ఎవరిది? అదే ఘాట్ దిగేటప్పుడు బ్రేకు సంగతి కూడా అంతే. డిస్కు పాతదే, చక్రం పెద్దది, బరువూ పెరిగింది, ఆపడానికి కాలు కాస్త గట్టిగా వేయాలి.

రెండోది మీటరు. స్పీడోమీటరుకి నువ్వు టైరు మార్చిన సంగతి తెలియదు, అది చక్రం తిరిగిన చుట్లే లెక్కపెడుతుంది. పెద్ద టైరు వేస్తే మీటరు 80 చూపించినప్పుడు నువ్వు ఇదివరకు 80 దగ్గర వెళ్లినదానికంటే 4 శాతం ఎక్కువ వేగంలో ఉంటావు. కంపెనీవాళ్లు మీటరుని మామూలుగా అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపించేలా పెడతారు, తక్కువ చూపించకూడదని రూలు కూడా ఉంది. ఆ కాస్త జాగానే నువ్వు తినేస్తున్నావన్నమాట. కిలోమీటర్లూ అంతే, 500 తిరిగితే మీటర్లో 480 పడుతుంది. తర్వాత "మావయ్యా, మైలేజీ పడిపోయింది" అంటావు. కొంత నిజంగానే పడుతుంది, వెడల్పు టైరు, బరువు టైరు కదా. కొంత మాత్రం మీటరు చేసే మాయ. రెండూ కలిపి చూసుకుని ఇంజను మీద అనుమానపడే వాళ్లని మా షాపులో చాలామందినే చూశాను.

ఇక రుద్దుకోవడం. ఇది కాగితం మీద లెక్కకి దొరకదు, కారు దగ్గర కూర్చుని చూడాల్సిందే. సెమిలిగుడ నుంచి ఒక కుర్రాడు ఇలాగే వెడల్పు టైర్లు వేయించుకుని, "మలుపు తిప్పితే గర్రుమంటోంది, బేరింగ్ పోయిందేమో చూడండి" అని వచ్చాడు. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పించి లోపల టార్చి వేశాను. మడ్గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనరు మీద అరచేయంత మేర నున్నగా పాలిష్ పెట్టినట్టు మెరుస్తోంది, దాని అంచున నల్లటి రబ్బరు పొడి, టైరు భుజం మీద వెంట్రుక మందాన గీతలు. బేరింగ్‌కి ఏ రోగమూ లేదు. ఖాళీ కారులో అసలు తగల్లేదట, ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని దేవ్‌మాలి వైపు వెళ్లిన రోజు నుంచే మొదలైందట. ఎందుకంటే బరువు పడితే చక్రం పైకి వెళ్తుంది, అప్పుడే తెలుస్తుంది అసలు ఖాళీ ఎంతుందో. అందుకని నువ్వు ఏ సైజు వేసినా సరే, వెనక ముగ్గురిని కూర్చోబెట్టు, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పు, ముందు చక్రం లోపలి వైపు షాకబ్జర్ స్ప్రింగు కింది పళ్లెం దగ్గర వేలు పెట్టి చూడు. వేలు స్వేచ్ఛగా దూరకపోతే ఆ సైజు నీ కారుకి కాదు. షాపువాడు "కొంచెం లైనర్ కోసేస్తే సరిపోతుంది సార్" అంటాడు. కోయనివ్వకు. ఆ లైనరు లేకపోతే మన వానాకాలం బురదంతా నేరుగా బాడీ మీదికే.

మరి వేరే సైజు అస్సలు వద్దా అంటావా? అలా అనను. నీ కారు విషయంలోనే చూడు, 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో కింది మోడళ్లకి 165/80 R14, పై మోడల్‌కి 185/65 R15 ఇచ్చారు. రెండూ లెక్క వేసుకో, మొత్తం ఎత్తులో తేడా 2 మిల్లీమీటర్లే. రిమ్ము పెంచారు, గోడ తగ్గించారు, చక్రం ఎత్తు మాత్రం కదలనివ్వలేదు. పద్ధతి అది. మొత్తం ఎత్తు 3 శాతం దాటి మారకూడదని మా పనిలో అందరూ అనుకునే మాట, నేనైతే ఘాట్ బండ్లకి 2 దగ్గరే ఆపేస్తాను. 195/65 R15 వేశావనుకో, 634 చిల్లర, 2 శాతం దగ్గర. లేచేది ఆరు మిల్లీమీటర్ల చిల్లరే, లేచిందని నీకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ గోడ కాస్త ఎత్తు, గుంతల్లో మెత్తగా ఉంటుంది. దానికి రిమ్ము కనీసం 5½J, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఉండాలి. 205కి కూడా కనీసం అంతే. నీ రిమ్ము వెనక వైపు పోతపోసి ఉంటుంది ఆ J నంబరు, బురద తుడిచి చూడు. 5J ఉంటే ఈ మాటలన్నీ ఇక్కడితో బంద్, 185 తోనే ఉండు. ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కిస్తే నడుం బిగించి కట్టినట్టు గోడలు ఉబ్బుతాయి, మలుపులో కారు ఊగుతుంది, మధ్యలోనే అరుగుతుంది.

నువ్వు ఫోటో పంపిన 16 అంగుళాల అలాయ్‌ల గురించి. 195/55 R16 వేస్తే మొత్తం ఎత్తు 621 దగ్గరే వస్తుంది, మీటరు మారదు, లాగుడు కూడా పెద్దగా మారదు. లెక్కకి చక్కగా ఉంది. కానీ టైరు గోడ 120 నుంచి 107కి పడిపోయింది. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉంటే వేసుకోమనేవాణ్ణి. నువ్వు తిరిగేది లోడు లారీలు తొక్కి తొక్కి అంచులు విరిగిన రోడ్డు, వానలో గుంత నిండా నీళ్లుంటే అది జానెడు లోతో మూరెడు లోతో తెలియదు. ఆ పదమూడు మిల్లీమీటర్ల రబ్బరే రిమ్ముకి కాపలా. అది లేకపోతే రిమ్ము వంకర, టైరు పక్కన బుడిపె. బుడిపె వచ్చిన టైరుకి వైద్యం లేదు, తీసి పారేయడమే. పైగా లోడు ఇండెక్స్ చూడు, నీ పాత టైరు 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. ఈ 16 సైజులో మామూలుగా దొరికేది 87, అంటే 545. కంపెనీ ఇచ్చిన నంబరు కంటే తగ్గకూడదు, ఎక్కువ ఉంటే పర్వాలేదు. ఆ నంబరు పక్కనే ఉండే ఎస్, టి, హెచ్ అక్షరం వేగానికి, అదీ తగ్గనివ్వకు.

అలాయ్ కొంటే నాలుగు బోల్టు రంధ్రాలు 100 మిల్లీమీటర్ల పిసిడిలో, అంటే అంత వ్యాసం ఉన్న వలయం మీద, ఉండాలి, మధ్య రంధ్రం చక్రం బిగించే హబ్‌కి సరిగ్గా కూర్చోవాలి. ఆఫ్‌సెట్, అంటే రిమ్ము హబ్ మీద ఎంత లోపలికి కూర్చుంటుందో ఆ కొలత, తేడా ఉంటే చక్రం బయటికి పొడుచుకొస్తుంది, చూడ్డానికి కుర్రాళ్లకి నచ్చుతుంది, బేరింగ్‌కి నచ్చదు.

ఇంకోటి, డబ్బు తక్కువుందని రెండే టైర్లు కొత్త సైజువి వేద్దామనుకోకు. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ నాలుగు చక్రాల వేగాన్నీ పోల్చి చూస్తుంది, ముందు ఒక ఎత్తు వెనక ఒక ఎత్తు ఉంటే దానికి లెక్క తప్పుతుంది. స్టెప్నీ సంగతీ మర్చిపోకు. పాత సైజు స్టెప్నీ ఉంచుకుంటే అది వెనక చక్రానికే వాడు, ముందు పంక్చరైతే వెనకది తీసి ముందు వెయ్యి. ఘాట్‌లో చీకట్లో రెండు చక్రాలు మార్చే ఓపిక నీకుందా?

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, ఆర్‌సీలో కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. దెబ్బ తగిలినప్పుడు ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసేది ఇలాంటివే. కంపెనీ మాన్యువల్లో ఉన్న సైజైతే ఆ గొడవే లేదు.

కింద తగిలే సంగతికి నన్నడిగితే, మొదట వెనక షాకబ్జర్లు చూపించు, స్ప్రింగు కూర్చుండిపోయిందేమో కొలిపించు. గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంత, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించు, నలుగురెక్కితే ఆ స్టిక్కరులోనే ఫుల్ లోడు అంకె వేరేగా ఉంటుంది. ఎత్తైన స్పీడ్ బ్రేకరుని ఏటవాలుగా ఎక్కించు. ఇవన్నీ అయ్యాక కూడా తగులుతుంటే అప్పుడు 195 గురించి మాట్లాడుకుందాం.

టైరు ఏదైనా సరే గోడ మీద చివరి నాలుగంకెలు చూసి కొను, 2425 అంటే 2025లో 24వ వారంలో చేసింది. గోదాములో ఏళ్ల తరబడి పడున్నది అంటగడతారు.

రిమ్ము వెనక J నంబరు, తలుపు దగ్గర స్టిక్కరు, రెండూ ఫోటో తీసి ఈ రాత్రికే పంపు. అవి చూసి నేను ఫోన్ చేసేదాకా వాడికి పైసా ఇవ్వకు. మీ అత్త నువ్వు మజ్జిగౌరి గుడికి ఎప్పుడొస్తావని అడుగుతోంది, వచ్చేటప్పుడు కారులోనే రా, లిఫ్ట్ మీద ఎక్కించి కింద ఏం తగులుతోందో చూస్తాను.

మీ మావయ్య