2147483647 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్లు లేని రోజుల్లో ఎలా తేల్చారు?

తేల్చింది గణిత శాస్త్రవేత్త ఆయిలర్. 1772లో ఆ సంగతి అచ్చయింది. అప్పటికే ఆయనకు చూపు దాదాపు పోయింది.

ఈ సంఖ్య 2³¹ − 1. దీని వర్గమూలం 46,340 దాటుతుంది. ఆ లోపు ప్రధాన సంఖ్యలు నాలుగు వేలకు పైనే ఉన్నాయి, అన్నిటితో భాగిస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. ఆయిలర్ ఆ పని పెట్టుకోలేదు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య అంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలని చూపించారు. 1ని పక్కన పెడితే 46,340 లోపు అలాంటివి 373 మాత్రమే. వాటిలోనూ ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. ఒక్కటీ భాగించలేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇది 'ఇంట్ లిమిట్'గానే, అంటే ప్రోగ్రాముల్లో మామూలు పూర్ణసంఖ్యకు ఉండే పై హద్దుగానే తెలుసు. బళ్ళో మనకు వంద లోపు ప్రధాన సంఖ్యలు బట్టీ పట్టించి వదిలేస్తారు. ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోకుండా తేల్చే దారి ఉందని ఒక్కరూ చెప్పరు. నాకు కడుపు మండేది అక్కడే.

మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ. "ఫోన్‌లో కొడితే చెప్పేస్తుందిగా మామయ్యా, మనకెందుకీ టెన్షన్" అన్నాడు. నోట్‌బుక్ తియ్యరా అన్నాను. 2⁷ − 1, అంటే 127 తీసుకున్నాం. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, 127తో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్ళీ అదే పని. ఘాతం 7 కాబట్టి రెండు తగ్గించి అయిదుసార్లు. 14, 67, 42, 111 వచ్చాయి. 111 వర్గం 12321, రెండు తీస్తే 12319. వాడు 97 ఎక్కం వేసి చూశాడు. శేషం సున్నా! సున్నా వస్తే ప్రధాన సంఖ్యే.

దీన్ని లూకాస్-లెహ్మర్ పరీక్ష అంటారు. 1876లో ఫ్రెంచి గణితవేత్త లూకాస్ తన పద్ధతితో 39 అంకెల 2¹²⁷ − 1ని చేత్తోనే తేల్చారు. 2024 అక్టోబరులో బయటపడ్డ 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను ఖాయం చేసిందీ ఈ పరీక్షే. ఉపయోగం ఏమిటని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 2³¹ − 1తో కట్టిన పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే తానే వచ్చే సంఖ్య) గురించి 1811లోనే ఇంగ్లండ్ గణితవేత్త బార్లో, వీటితో పనేమీ లేదు కాబట్టి ఇంతకంటే పెద్దదాని కోసం ఎవరూ వెతకరని రాసేశారు. లూకాస్ మాత్రం వెతికారు.

మావాడు ఊరుకోలేదు, 2¹¹ − 1 పట్టుకున్నాడు. అది 2047. తొమ్మిదో మెట్టు దగ్గర 1736 మిగిలింది. సున్నా కాదు, కాబట్టి ప్రధాన సంఖ్య కాదు. ఏది భాగిస్తుందో తెలియకుండానే ఆ మాట తేలిపోయింది. తర్వాత వెతికితే 23 × 89 దొరికింది. రెండిటినీ 11తో భాగించి చూడమన్నాను. రెండిట్లోనూ 1 మిగిలింది. అప్పుడు ఆయిలర్ 248 ఎక్కడి నుంచి తెచ్చారని వాడే అడిగాడు.