మొదటి నెలలోనే పిల్లలు కంప్యూటర్ సైన్స్ మీద ఆసక్తి ఎందుకు పోగొట్టుకుంటారు? టీచర్‌గా ఏం చేయొచ్చు?

మొదటి వారం ఉత్సాహంగా కూర్చున్న పిల్లలు నెల తిరిగేసరికి నోరు విప్పడం మానేస్తున్నారని, కొందరు సబ్జెక్టే మార్చుకుంటున్నారని మీరు రాశారు. నేను పద్నాలుగేళ్లుగా ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు చెబుతున్నాను. మొదట్లో నా క్లాసులోనూ అచ్చం ఇదే జరిగేది. ఈ సబ్జెక్టు కష్టం, అందరికీ పట్టుబడదులే అని సరిపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట ఎవరన్నా ఒప్పుకోను.

నా ఆలోచన మారడానికి కారణం ఒక అమ్మాయి. లెక్కల్లో చురుకైనది. మూడు సంఖ్యల్లో పెద్దది కనుక్కునే ప్రోగ్రామ్ రాస్తూ ఒక వేరియబుల్‌కి, అంటే విలువ దాచుకునే పెట్టెకి, ‘పెద్దది’ అని పేరు పెట్టింది. అందులో ఏ విలువా వేయకుండా చివర్లో దాన్ని ప్రింట్ చేయమంది. తప్పని చెబితే, “పేరులోనే ఉంది కదా సార్, దానికి తెలియదా?” అని అడిగింది. నేను ఆ లైను సరిచేసి పక్క సిస్టమ్ దగ్గరికి వెళ్లిపోయాను. రెండు వారాల తర్వాత, “నాకు ఈ బుర్ర లేదు సార్” అని చెప్పి వేరే సబ్జెక్టుకు మారిపోయింది. ఆ రోజు ఆ ప్రశ్న దగ్గర పది నిమిషాలు ఆగి ఉండాల్సిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చాలా తర్వాత తెలిసింది, రాయ్ పీ అనే పరిశోధకుడు 1986లోనే ఈ పొరపాటు గురించి రాశారని. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే అనేక తప్పుల వెనక ఒకటే నమ్మకం ఉంటుందంటారాయన: యంత్రం లోపల మన మనసులో మాట గ్రహించే తెలివేదో ఉందని. సహజమే కదా. పుట్టినప్పటి నుంచి మనుషులతోనే మాట్లాడాం, సగం చెబితే మిగతాది వాళ్లే అర్థం చేసుకుంటారు. యంత్రం అలా కాదని మనం విడమరిచి చెప్పకపోతే, అవుట్‌పుట్ తప్పు వచ్చిన ప్రతిసారీ పిల్లలు లోపం తమలోనే ఉందనుకుంటారు.

అందుకే మొదటి రెండు వారాలు కీబోర్డు ముట్టనివ్వను. అంతా కాగితం మీద డ్రై రన్, అంటే యంత్రం చేసే పనిని ఒక్కో లైనుగా మనమే చేసి చూడటం. మొదటి రోజు ఇచ్చే ప్రశ్న ఇది: ఎ = 5, తర్వాత బి = ఎ, తర్వాత ఎ = 9. ఇప్పుడు బి ఎంత? ప్రతి సంవత్సరం చాలామంది 9 అనే రాస్తారు. ఇన్నేళ్లుగా లెక్కల క్లాసులో సమానం గుర్తుకు అర్థం అదే మరి! ఇక్కడ ఆ గుర్తు ‘కుడివైపు విలువ తీసి ఎడమవైపు పెట్టెలో వేయి’ అనే ఆజ్ఞ అని మాటల్లో చెబితే ఎక్కదు. ఇద్దరిని నిలబెట్టి చేతిలో చీటీలు పెట్టి, చెప్పింది చెప్పినట్టు చేయమంటాను. వాళ్లే పెట్టెలు. బి దగ్గర ఉన్న 5 చీటీ మారకపోవడం కళ్లారా చూశాక ఇక మర్చిపోరు.

ఇంకొకటి, 1 నుంచి 1000 లోపు నేనొక సంఖ్య అనుకుంటాను. అవును, కాదు అనే జవాబులతో పది ప్రశ్నల్లో కనుక్కోవాలి. తంటాలు పడి, సగానికి సగం కోసుకుంటూ పోవాలని వాళ్లే పట్టుకుంటారు. పది లక్షలైతే ఎన్ని ప్రశ్నలు కావాలి అంటే వేలల్లో చెబుతారు. ఇరవై చాలని తేలినప్పుడు క్లాసులో పుట్టే సందడి కోసమే నేను ఈ పని చేస్తున్నాననిపిస్తుంది. బైనరీ సెర్చ్ అనే పేరు ఆ తర్వాతే చెబుతాను. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ చెప్పే ఇలాంటి ఆటలను న్యూజీలాండ్‌కు చెందిన టిమ్ బెల్ బృందం చాలా తయారుచేసింది, వెతికి చూడండి.

ల్యాబ్ మొదలయ్యాక, ముందే రాసిపెట్టుకున్న కోడ్ చూపించను. వాళ్ల ముందే టైప్ చేస్తాను, ఎర్రర్ వస్తే పైకి చదువుతాను. ముప్పై ఎర్రర్లు వచ్చినా మొదటిది మాత్రమే చూడమంటాను. ఒక్క బ్రాకెట్ మర్చిపోతే మిగతావన్నీ దాని వెంటే వస్తాయని తెలిశాక సగం టెన్షన్ తగ్గిపోతుంది.

ఇక చేరినవాళ్లు నిలబడటం గురించి. ముందే కోడింగ్ వచ్చిన ఇద్దరు ముగ్గురు ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పేస్తుంటే, మిగతావాళ్లు తాము అప్పటికే వెనకబడ్డామనుకుంటారు. అమ్మాయిలను ఇది మరీ దెబ్బతీస్తుంది. అమెరికాలోని హార్వీ మడ్ కాలేజీలో 2006 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ తీసుకునేవాళ్లలో అమ్మాయిలు సుమారు 10 శాతం. కోడింగ్ ముందే వచ్చినవాళ్లను, రానివాళ్లను వేర్వేరు సెక్షన్లలో కూర్చోబెట్టారు. మొదటి కోర్సును జావా నుంచి పైథాన్ అనే తేలికైన ప్రోగ్రామింగ్ భాషకు మార్చారు, లెక్కలు నిజమైన సమస్యల నుంచి ఇచ్చారు. కొన్నేళ్లలోనే అమ్మాయిల వాటా 40 శాతం దాకా వెళ్లింది. నాకు రెండు సెక్షన్లు చేసే వీలు లేదు. అందుకని బాగా వచ్చినవాళ్లను విడిగా పిలిచి, “నీకు వచ్చని నాకు తెలుసు, క్లాసులో కొంచెం ఆగు” అని చెప్పి కష్టమైన లెక్కలు వేరుగా ఇస్తాను. ఇంతవరకు ఒక్కరూ నొచ్చుకోలేదు.

ఉద్యోగాలొస్తాయని ఆశపెట్టి మాత్రం పిలవకండి. ఆ ఆశ మొదటి సెగ్మెంటేషన్ ఫాల్ట్ దాకా, అంటే తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయే దాకా కూడా నిలవదు.

అందరి డ్రై రన్ కాగితాలు దిద్దడానికి టైమ్ చాలదు, అది నిజం. నేను రోజుకు పదే చూస్తాను. మీరు రేపే ఆ ఎ, బి ప్రశ్న ఇచ్చి చూడండి. ఆ కాగితాలు పారేయకండి. రెండు నెలల తర్వాత ఎవరిది వాళ్లకు తిరిగివ్వండి, తాము రాసిన 9ని చూసుకుని వాళ్లే పక్కవాళ్లకు వివరించడం మొదలుపెడతారు.