అమెరికా అప్పు ఎవరి పాపం? నేను ఓటేసిన వాళ్లదీ ఉంది, మీరు ఓటేసిన వాళ్లదీ ఉంది

"అమెరికా అప్పు 38 ట్రిలియన్ డాలర్లు దాటింది, ఇది ట్రంప్ వల్లనా, బైడెన్ వల్లనా, ఒబామా వల్లనా? ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు, ఎవర్ని నమ్మాలి?" అని అడిగారు. మన లెక్కలో అది 38 లక్షల కోట్ల డాలర్లు. ముగ్గురి వల్లా అయింది, వాళ్లకంటే ముందు జార్జ్ డబ్ల్యూ బుష్ వల్ల కూడా అయింది. పద్దు మీద సంతకం ప్రెసిడెంట్‌దే అయినా రాజ్యాంగం ప్రకారం డబ్బు మంజూరు చేసేది ఇక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్. అందుకని ఒక్క పేరు చెప్పి ముగించేవాళ్లని నమ్మకండి. పౌరసత్వం వచ్చాక నేను దాదాపు ప్రతిసారీ డెమోక్రాట్లకే, అంటే క్లింటన్, ఒబామా, బైడెన్‌ల పార్టీకే వేశాను; బుష్‌లు, ట్రంప్ రిపబ్లికన్లు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, మిగతాది అది గుర్తుపెట్టుకునే చదవండి.

నేను 2000 చివర్లో న్యూజెర్సీలో దిగాను. వచ్చిన కొత్తలో ఒక శనివారం రూమ్మేట్లతో న్యూయార్క్ చూడ్డానికి వెళ్తే, టైమ్స్ స్క్వేర్‌కి దగ్గర్లో గోడ మీద ఒక పెద్ద బోర్డుకి తెర కప్పి ఉంది. అది దేశం అప్పు చూపించే గడియారమట. అప్పు పెరగడం ఆగి తగ్గుముఖం పట్టింది కాబట్టి ఆ సెప్టెంబర్‌లోనే ఆపేశారని మా రూమ్మేట్ చెప్పాడు. 1998 నుంచి 2001 వరకు వరసగా నాలుగేళ్లు ఇక్కడ ప్రభుత్వానికి ఖర్చు కంటే రాబడే ఎక్కువ, 2000లో అయితే మిగులు దాదాపు 236 బిలియన్లు (బిలియన్ అంటే వంద కోట్లు). ఆ ఏడాది ఎన్నికల్లో వాదన అప్పు గురించి కాదు, మిగిలిన డబ్బు ఏం చేయాలి అని. సోషల్ సెక్యూరిటీ, అంటే వృద్ధులకి పెన్షన్ ఇచ్చే ప్రభుత్వ పథకం కోసం తాళం వేసి దాచాలని డెమోక్రాట్ అభ్యర్థి అల్ గోర్, పన్నులు తగ్గించి జనానికి తిరిగి ఇచ్చేయాలని బుష్. 2002 జులైలో ఆ గడియారం మళ్లీ తిరగడం మొదలైంది. 2008లో అప్పు 10 ట్రిలియన్లు దాటితే దాని మీద అంకెలు వేయడానికి గళ్లు చాలక, డాలర్ గుర్తు ఉన్న గడిలో 1 వేయాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల తేడాలో ఈ రెండూ చూశాను, అందుకే ఇది నాకు ఉత్త అంకెల గొడవగా అనిపించదు.

ఆ మిగులు ఎలా వచ్చిందో ఎవరూ పూర్తిగా చెప్పరు. మా వాళ్లు క్లింటన్ గొప్పతనం అంటారు, రిపబ్లికన్ మిత్రులు అప్పటి కాంగ్రెస్‌ని నడిపిన న్యూట్ గింగ్రిచ్ గొప్పతనం అంటారు. అసలు కథ 1990లో మొదలైంది. పెద్ద బుష్, అంటే తండ్రి బుష్, 1988లో "కొత్త పన్నులు వేయను, నా పెదాలు చూసి చదువుకోండి" అని మాటిచ్చి గెలిచాడు. రెండేళ్లు తిరక్కుండానే లోటు చూసి, ప్రత్యర్థి పార్టీతో కూర్చుని, పన్నులు పెంచడానికీ, కొత్త ఖర్చు పెడితే దానికి డబ్బు ఎక్కడిదో కూడా చూపించాలనే నియమానికీ ఒప్పుకున్నాడు. సొంత పార్టీలోనే తిరుగుబాటు వచ్చింది, దానికి ముందు నిలబడింది ఆ గింగ్రిచ్చే. 1992లో పెద్ద బుష్ ఓడిపోయాడు. 1993లో క్లింటన్ ఇంకోసారి పన్నులు పెంచుతూ బడ్జెట్ తెచ్చాడు, ఒక్క రిపబ్లికన్ కూడా ఓటేయలేదు, సెనేట్‌లో సగం సగం అయితే వైస్ ప్రెసిడెంట్ గోర్ ఓటుతో గట్టెక్కింది. దిగువ సభలో 218కి 216. ఫిలడెల్ఫియా శివార్ల నుంచి కొత్తగా గెలిచిన మార్జొరీ మార్గోలిస్ మెజ్విన్‌స్కీ చివరి నిమిషంలో ఆ బడ్జెట్‌కి ఓటేస్తే అవతలి బెంచీల వాళ్లు "గుడ్‌బై మార్జొరీ" అని అరిచారు. 1994లో ఆమె నిజంగానే ఓడిపోయింది, ఆమెతో పాటు డెమోక్రాట్లు సభనే పోగొట్టుకున్నారు. తర్వాత వచ్చిన రిపబ్లికన్ కాంగ్రెస్ ఖర్చు పట్టి ఉంచింది, అదీ నిజమే. కోల్డ్ వార్ అయిపోయి రక్షణ ఖర్చు తగ్గింది, ఇంటర్నెట్ కంపెనీల డాట్‌కామ్ బూమ్‌లో పన్నుల రాబడి పొంగింది. ఇవన్నీ కలిస్తే ఆ నాలుగేళ్లు. పన్నులు పెంచే ధైర్యం చేసిన వాళ్లలో చాలామందికి దక్కింది మాత్రం ఓటమి, ఆ తర్వాత వచ్చిన నాయకులు దాన్నుంచి పాఠం నేర్చుకున్నారు. తప్పు పాఠం.

ఇక తర్వాతి లెక్క. 2001 జనవరిలో అప్పు 5.7 ట్రిలియన్లు. బుష్ దిగేటప్పటికి 10.6. ఒబామా దిగేటప్పటికి దాదాపు 20. ట్రంప్ మొదటి విడత అయ్యేసరికి 28కి కొంచెం తక్కువ, బైడెన్ దిగేసరికి 36 దాటింది, 2025లోనే 38. ఈ అంకెలు చూపించి "చూశారా, ఒబామా రెట్టింపు చేశాడు" అనడం చాలా సులువు. అయితే ఇక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఒబామా 2009 జనవరి 20న ప్రమాణం చేశాడు, అంతకు రెండు వారాల ముందే కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు ఆ ఏడాది లోటు 1.2 ట్రిలియన్లు ఉంటుందని అంచనా వేసింది. ఆ మాంద్యం ఆయన తెచ్చింది కాదు. అదే న్యాయం ట్రంప్‌కి కూడా వర్తిస్తుంది, 2020లో 3.1 ట్రిలియన్ల లోటులో ఎక్కువ భాగం కోవిడ్. కానీ కోవిడ్ రాకముందు, 2019లో, నిరుద్యోగం 4 శాతం లోపు ఉండి అందరికీ పని దొరుకుతున్న రోజుల్లో లోటు ట్రిలియన్‌కి దగ్గరగా ఎందుకు పోయింది? 2017 పన్ను కోతలకి తగ్గట్టు ఖర్చు తగ్గించలేదు కాబట్టి. అలాగే బైడెన్ 2023, 2024లలో కోవిడ్ సర్దుకున్నాక కూడా 1.7, 1.8 ట్రిలియన్ల లోటు నడిపాడు, దానికి నా దగ్గర సాకు లేదు. కష్టకాలంలో చేసిన అప్పుని నేను తప్పు పట్టను. బాగున్న రోజుల్లో చేసిన అప్పు గురించే అడుగుతాను, అక్కడ రెండు పార్టీలూ దొరికిపోతాయి.

నా సొంత అనుభవం చెబుతాను, నాకు కళ్లు తెరిపించింది అదే. పదిహేనేళ్లకు పైగా నార్తర్న్ వర్జీనియాలో ఉంటూ ఒక ఫెడరల్ ఆఫీసుకి కాంట్రాక్టర్‌గా పనిచేస్తున్నాను. అంటే మా ఇంటి మార్ట్‌గేజ్ కట్టేది ప్రభుత్వ ఖర్చే. 2013 అక్టోబర్‌లో ఒబామాకేర్‌కి, అంటే ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టానికి డబ్బు ఆపాలని రిపబ్లికన్లు పట్టుబట్టి, ఖర్చు బిల్లు ఆపి 16 రోజులు ప్రభుత్వం మూసేశారు. ముందు మిగిలిన సెలవులు వాడుకోమన్నారు, అవి అయిపోయాక జీతం లేదు. 2018 డిసెంబర్ నుంచి, మెక్సికో సరిహద్దు గోడకి ట్రంప్ అడిగిన డబ్బు కోసం ఇంకో 35 రోజులు. ప్రభుత్వ ఉద్యోగులకి తర్వాత జీతం మొత్తం వచ్చింది, మా లాంటి కాంట్రాక్టర్లకి రాలేదు, మా బిల్డింగ్ క్యాంటీన్‌లో వండే వాళ్లకీ, రాత్రి తుడిచే వాళ్లకీ రాలేదు. మా టీమ్‌లో ఒకతను 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా నుంచి పెనాల్టీ కట్టి మరీ డబ్బు తీశాడు, చిన్న పిల్లలున్న ఇల్లు, ఆ టెన్షన్ పక్కనుండి చూశాను. అప్పుడు నా కోపం మొత్తం రిపబ్లికన్ల మీదే. 2025 అక్టోబర్‌లో మళ్లీ 43 రోజులు మూసేశారు, ఈసారి హెల్త్ ఇన్సూరెన్స్ సబ్సిడీలు పొడిగిస్తేనే ఓటేస్తామని పట్టుబట్టింది మా డెమోక్రాట్లు. కారణం మంచిదే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ 2013లో అవతలి వాళ్లూ తమ కారణం మంచిదనే అనుకుని ఉంటారు కదా. క్యాంటీన్ ఆవిడకి ఏ పార్టీ మూసినా ఒకటే.

అప్పు పరిమితి, అంటే ప్రభుత్వం ఇంతవరకే అప్పు చేయొచ్చని కాంగ్రెస్ పెట్టే హద్దు విషయం కూడా ఇలాగే. 2006లో సెనేటర్‌గా ఒబామా ఆ పరిమితి పెంచడానికి వ్యతిరేకంగా ఓటేశాడు, తను ప్రెసిడెంట్ అయ్యాక అది తప్పని ఒప్పుకున్నాడు. 2011లో అదే పరిమితి మీద రిపబ్లికన్లు ఒబామాని చివరి అంచు దాకా లాగితే, అమెరికా చరిత్రలో మొదటిసారి ఒక రేటింగ్ సంస్థ దేశం రేటింగ్ తగ్గించింది. ఆ రిపబ్లికన్లే ట్రంప్ మొదటి విడతలో పెద్ద గొడవేమీ లేకుండా ఆ పరిమితిని మూడుసార్లు పక్కనపెట్టారు. 2025 జులై 4న సంతకమైన పెద్ద బిల్లులో ఒకేసారి 5 ట్రిలియన్లు పెంచారు.

మన తెలుగు వాళ్ల పార్టీల్లో, వనభోజనాల్లో ఈ వాదన వస్తే తొందరగా ముదిరిపోతుంది. "అప్పు చేసి పప్పు కూడు, ఊరికే చెక్కులు పంచుతున్నారు, ఎవడబ్బ సొమ్ము" అని 2021లో, ప్రభుత్వం కోవిడ్ సాయంగా జనానికి పంపిన చెక్కుల గురించి, మా ఇంట్లో కూర్చుని నా మీద కేకలేసిన ఒక దగ్గరి స్నేహితుడు, తన చిన్న ఐటీ కంపెనీకి కోవిడ్‌లో పీపీపీ లోన్, అంటే ఉద్యోగుల జీతాల కోసం ప్రభుత్వం ఇప్పించిన అప్పు తీసుకున్నాడు, అది పూర్తిగా మాఫీ అయింది. చట్టం ప్రకారమే తీసుకున్నాడు, దాంతో పదిమంది ఉద్యోగాలు నిలబడ్డాయి, నేను తప్పు అనను. కానీ అది కూడా ప్రభుత్వ ఖర్చేనని తన నోటితో ఒప్పుకోడానికి అతనికి రెండేళ్లు పట్టింది. ఇంకోవైపు మా తమ్ముడు అప్పట్లో హెచ్1 మీద ఉన్నాడు, మరదలికి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, పన్ను కట్టడానికి ఇచ్చే ఐటిన్ నంబర్ మాత్రమే. జాయింట్‌గా ఫైల్ చేసినందుకు 2020 మార్చి చట్టం కింద వాళ్లిద్దరికీ చెక్కు రాలేదు, పన్నులు మాత్రం పైసాతో సహా కట్టారు. ఆ డిసెంబర్ చట్టంలో దాన్ని సరిచేస్తే తమ్ముడి వాటా తర్వాత ట్యాక్స్ రిటర్న్‌లో వచ్చింది. ఎవరికి అందినదాన్ని వాళ్లు హక్కు అంటారు, అందనిదాన్ని దుబారా అంటారు. తెనాలిలో మా బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా ఆంధ్రప్రదేశ్ అప్పు గురించి కూడా అచ్చం ఇలాగే మాట్లాడతాడు, ముఖ్యమంత్రి మారినప్పుడల్లా ఆయన లెక్క మారుతుంది. రాష్ట్రానికి రూపాయి ముద్రించుకునే అధికారం లేదు, అమెరికాకి తన కరెన్సీ తన చేతిలోనే ఉంది, అందుకని ఇంటి అప్పుతోనో రాష్ట్రం అప్పుతోనో దీన్ని పూర్తిగా పోల్చలేం. కానీ వడ్డీ మాత్రం కట్టాల్సిందే. 2024లో వడ్డీకే దాదాపు 880 బిలియన్లు పోయాయి, మిలిటరీ ఖర్చు కంటే ఎక్కువ. వడ్డీ రేట్లు సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడు చేసిన పాత అప్పులు ఇప్పుడు కొత్త రేట్లకి తిరగరాస్తున్నారు, నాకు భయం వేసేది అక్కడే.

"చైనాకి అమ్ముడుపోయాం" అనే మాట కూడా చాలామంది అంటుంటారు. ఈ అప్పులో ఎక్కువ భాగం అమెరికాలోని వాళ్ల దగ్గరే ఉంది, పెన్షన్ ఫండ్లు, బ్యాంకులు, ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, ప్రభుత్వ సొంత ట్రస్ట్ ఫండ్లు. బయటి దేశాల్లో అందరికంటే ఎక్కువ జపాన్ దగ్గర.

ఖర్చు తగ్గించడం గురించి. దుబారా, మోసం ఆపితే చాలు అని ప్రతి ప్రెసిడెంటూ అంటాడు. 2024లో ట్రంప్ తరఫున ఇలాన్ మస్క్ కనీసం 2 ట్రిలియన్లు కోసేస్తామన్నాడు. 2025లో మా వీధిలోనే ఇద్దరికి ఉద్యోగాలు పోయాయి, ఏడాది చివర చూస్తే మొత్తం ఖర్చు తగ్గలేదు, అంతకుముందు ఏడాది కంటే పెరిగింది. ఎందుకంటే డబ్బు ఉన్నది ఆఫీసుల్లో కాదు, సోషల్ సెక్యూరిటీలో, వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో, రక్షణలో, వడ్డీలో. వాటిని ముట్టుకోకుండా, పన్నులూ పెంచకుండా లెక్క కుదరదు. ఈ మాట పైకి చెప్పిన ప్రయత్నం 2010లో ఒకటి జరిగింది. ఒబామా వేసిన సింప్సన్ బౌల్స్ కమిషన్‌లో 18 మంది, రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు. పన్నులూ పెంచాలి, పెన్షన్ వయసూ పెంచాలి అన్నారు. 14 ఓట్లు కావాలి, 11 వచ్చాయి. తనే వేసిన కమిషన్ కోసం ఒబామా గట్టిగా నిలబడలేదు. నేను ఇష్టపడి ఓటేసిన మనిషి మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే.

అందుకే ప్రెసిడెంట్ నాయకత్వాన్ని నేను అప్పు అంకెతో కొలవడం మానేశాను. తనకి ఓటేసిన వాళ్లని ఏం వదులుకోమన్నాడు అని చూస్తాను. పెద్ద బుష్ అడిగాడు, మొదటి విడత క్లింటన్ అడిగాడు. తర్వాత ఇరవై అయిదేళ్లలో ఎవరూ అడిగినట్టు నాకు కనిపించలేదు. ధనవంతుల్ని తప్ప ఎవర్నీ అడగం అని మా వాళ్లు, ఎవర్నీ అడగం అని అవతలి వాళ్లు.

నేను 1970లో పుట్టాను, నాకు పూర్తి పెన్షన్ వచ్చే 67 ఏళ్లు 2037లో నిండుతాయి. సోషల్ సెక్యూరిటీ రిటైర్మెంట్ ఫండ్ 2033లో ఖాళీ అవుతుందని, చట్టం మార్చకపోతే తర్వాత 77 శాతమే ఇవ్వగలమని దాని ట్రస్టీలే 2025 నివేదికలో రాశారు. 2024 ఎన్నికల్లో దీని గురించి ఎవరేం చెబుతారా అని ఓపిగ్గా విన్నాను. టిప్పుల మీద పన్ను తీసేస్తామని ట్రంప్ జూన్‌లో అన్నాడు, డెమోక్రాట్ అభ్యర్థి కమలా హారిస్ ఆగస్టులో అంది. సోషల్ సెక్యూరిటీ జోలికి పోమని ఇద్దరూ అన్నారు. 2033లో ఏం చేస్తారో ఇద్దరూ వివరంగా చెప్పలేదు. నేను హారిస్‌కి వేశాను, మీరు ఎవరికి వేసినా సరే, వచ్చేసారి మీ వీధికి వచ్చే అభ్యర్థిని ఆ ఒక్క సంవత్సరం గురించి అడగండి, నేనూ అదే అడుగుతాను.