జనవరిలో పొసిటానోలో గది దొరకకపోతే

జనవరిలో ఏ తేదీ పెట్టినా, ఇటలీలోని అమాల్ఫీ తీరంలో ఉన్న పొసిటానో పట్టణపు హోటల్ లె సిరెనూసేలో గది చూపించకపోవడానికి కారణం గదులు నిండిపోవడం కాదు, చలికాలంలో ఆ హోటల్ మూసి ఉండటం. ఆ తీరంలో చాలా హోటళ్లదీ ఇదే పద్ధతి.

1. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో సీజన్ తేదీలు చూడండి.

2. చాలామంది మరచిపోయేది పడవల వేళలు. సలెర్నో, నేపుల్స్ నగరాల నుంచి పొసిటానోకు పడవలు దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే నడుస్తాయి. తెరిచి ఉన్న హోటల్ ఏదో దొరికిందని తొందరపడి డబ్బు కట్టకండి. పడవలు లేనప్పుడు ఇక కొండ అంచున మెలికలు తిరిగే రోడ్డే దిక్కు. పెద్దవాళ్లతో, బరువైన పెట్టెలతో ఆ ప్రయాణం నిజంగా కష్టం.

3. నెల మార్చలేకపోతే నేపుల్స్‌లో దిగండి. 1882 నాటి గ్రాండ్ హోటల్ వెసూవియో సముద్రానికీ, కాస్టెల్ డెల్లోవో కోటకూ ఎదురుగానే ఉంది.